ఎరువు వేసినా చిగురు పసుపే: కోకోపీట్ కుండీలపై మీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఎక్కువమంది అడిగింది కోకోపీట్, అంటే కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు గురించే. గులాబీ పురుగు, నిమ్మ పూత రాలడం లాంటివి వచ్చే సంచికకు వాయిదా వేసి ఇదొక్కటే పట్టుకుందాం. ఉత్తరాలు పొడుగ్గా ఉన్నవాటిని కుదించాం, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా మిద్దె మీద 12 అంగుళాల గ్రో బ్యాగుల్లో టమాటా, మిరప వేశాను. మట్టి బరువవుతుందని మూడొంతులు కోకోపీట్, ఒక వంతు వర్మీకంపోస్టు కలిపాను. పోసేది బోరు నీళ్ళు. నెలన్నర దాకా కళకళలాడాయి, తర్వాత చిగుళ్ళు పసుపెక్కాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. వారం వారం 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) ఇస్తున్నాను, తగ్గకపోయేసరికి మోతాదు రెట్టింపు చేశాను. ఇప్పుడు కింది ఆకుల అంచులు కూడా మాడుతున్నాయి. ఇంకేం వేయాలి? (ఓ పాఠకురాలు, మియాపూర్, హైదరాబాద్)

ముందు ఏమీ వేయకండి. రెండు వారాలు ఆ ఎరువు డబ్బా జోలికి వెళ్ళొద్దు.

మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది. నత్రజని తక్కువైతే కింది ముదురాకు ఈనెలతో సహా మొత్తం పాలిపోతుంది, మొక్క అందులోని నత్రజనిని లాగేసి చిగురుకు పంపుకుంటుంది కాబట్టి. మెగ్నీషియం లోపం కూడా ముదురాకుల్లోనే మొదలవుతుంది, కాకపోతే అక్కడ ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపవుతుంది. ఇనుము అలా కాదు, ఒకసారి ఆకులో చేరిందంటే అక్కడే ఉండిపోతుంది, కొత్త చిగురుకు కొత్తగా వేళ్ళ నుంచి రావాల్సిందే. అందుకే ఇనుప ధాతు లోపం ఎప్పుడూ లేతాకుల్లో బయటపడుతుంది, ముదిరితే ఆకు దాదాపు తెల్లబడుతుంది. మీ మొక్కలకు వచ్చింది ఇదే. కింది ఆకుల అంచులు మాడడం వేరే కథ, అది మోతాదు రెట్టింపు చేసినందువల్ల వచ్చిన ఉప్పు దెబ్బ.

వర్మీకంపోస్టు వేశారు కదా, ఇనుము అందులో ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. కానీ వేళ్ళ దగ్గర పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 7 దాటితే ఇనుము కరగని రూపంలోకి మారిపోతుంది. మాంగనీసు, జింకు, రాగి, బోరాన్, భాస్వరం కూడా అంతో ఇంతో అదే దారి పడతాయి. అప్పుడు మీరు ఎంత ఎరువు పోసినా తాళం వేసిన ఇంటి ముందు సరుకు దించినట్టే. మట్టిలో పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉన్నా మొక్క సర్దుకుంటుంది, కోకోపీట్ లాంటి మట్టిలేని మిశ్రమంలో మాత్రం 5.5 నుంచి 6.5 మధ్య ఉంచాలి. 6.5కీ 7.5కీ తేడా ఒక్కటే కదా అనుకోకండి, పీహెచ్ లెక్కలో ఒక్క అంకె అంటే పది రెట్ల తేడా.

మరి అంత పీహెచ్ ఎక్కడి నుంచి వచ్చింది? మీ బోరు నుంచి. నీళ్ళ పీహెచ్ కొలిచి "7.4 ఉంది, ఫర్వాలేదు" అని ఊరుకునేవాళ్ళు చాలామంది. ఆ అంకెతో మనకు పెద్దగా పని లేదు. చూడాల్సింది ఆల్కలినిటీ, అంటే ఆ నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బొనేట్ ఎంత అన్నది. నీటి పరీక్ష రిపోర్టులో 'టోటల్ ఆల్కలినిటీ' అని కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని ఇస్తారు. తాగునీటికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు 200, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 వరకు సరే అంటుంది. మీ బోరులో 300 ఉందనుకుందాం, నగరంలో అదేం వింత కాదు. రోజుకు లీటరు పోస్తే ఆ బ్యాగులో రోజుకు 300 మిల్లీగ్రాముల సున్నపురాయి పొడి చల్లినంత ప్రభావం. నెలకు 9 గ్రాములు, అంటే దాదాపు రెండు టీస్పూన్లు. మనుషులు తాగడానికి పనికొచ్చే నీళ్ళే, నెలన్నర తిరిగేసరికి కుండీని సున్నం కుండ చేసి పెడతాయి. మీ మొక్కలు సరిగ్గా నెలన్నరకే పాలిపోవడం కాకతాళీయం కాదు.

ఇది నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. మామూలుగా నీళ్ళు పోసి ఓ గంట ఆగండి. బ్యాగు కింద శుభ్రమైన ప్లేటు పెట్టి, పైనుంచి డిస్టిల్డ్ వాటర్, అంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే, మెల్లగా పోయండి. ప్లేటులోకి ఓ అరగ్లాసు దిగగానే ఆపేయండి. ఆ దిగిన నీళ్ళు వేళ్ళ మధ్య నుంచి వచ్చినవి, వాటి పీహెచ్, ఈసీ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) కొలవండి. పీహెచ్ 7 పైన ఉంటే నేను చెప్పింది నిజం. ఈసీ 3.5 (mS/cm) దాటితే ఉప్పు కూడా పేరుకుందన్నమాట, టమాటా కొంత ఓర్చుకుంటుంది కానీ మిరప ఓర్చుకోదు. ఇంట్లో టీడీఎస్ పెన్ను మాత్రమే ఉంటే, చాలా పెన్నుల్లో ఈసీ 1 అంటే సుమారు 500 పీపీఎం చూపిస్తుంది, ఆ లెక్కన చూసుకోండి.

ఇక వైద్యం. పోసే నీళ్ళను ముందు దారిలో పెట్టాలి. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) తెచ్చుకోండి. 10 లీటర్ల బకెట్లో 1 గ్రాము వేసి బాగా కలిపి, పావుగంట ఆగి పీహెచ్ చూడండి, ఇంకో గ్రాము వేయండి, మళ్ళీ చూడండి. 6 దగ్గరకు రాగానే ఆపి, ఎన్ని గ్రాములు పట్టిందో గోడ మీద రాసుకోండి. 300 ఆల్కలినిటీ ఉన్న నీళ్ళకు ఇది 4 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, మీ బోరుకు కాస్త అటూ ఇటూ కావచ్చు. ఈ నీళ్ళనే బ్యాగు పరిమాణమంత పోసి కింద నుంచి ధారాళంగా కారనివ్వండి, పేరుకున్న ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. తర్వాత రోజువారీ కూడా ఇవే నీళ్ళు, పోసిన ప్రతిసారీ పదో వంతు నుంచి ఐదో వంతు దాకా కింద నుంచి దిగేలా.

చిగురుకు తక్షణ ఉపశమనం కావాలంటే మన రైతులు వేరుశనగకు కొట్టేదే కొట్టండి: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు. కుండీ మొక్కల ఆకు మెత్తగా ఉంటుంది కాబట్టి నేనైతే మొదటిసారి సగం మోతాదుతో రెండు కొమ్మల మీద కొట్టి, మర్నాడు మచ్చలు పడలేదని చూసుకున్నాకే మిగతావాటికి వెళ్తాను. సాయంత్రం ఎండ తగ్గాక కొట్టాలి, కలిపిన ద్రావణాన్ని రేపటికి దాచకూడదు. అన్నభేది లేతాకుపచ్చగా ఉంటేనే కొనండి, గోధుమ రంగుకు తిరిగిందంటే తుప్పు పట్టినట్టే. ఇంకో మాట, మిద్దె మీద తెల్ల టైల్స్ ఉంటే కింద పాత గోనెపట్టా పరవండి, ఆ మరకలు వదలవు, ఇంట్లోవాళ్ళతో మాట పడాల్సి వస్తుంది.

పిచికారీ ఆకుకే పనిచేస్తుంది, వేరుకు కాదు. వేరు దారిన ఇవ్వాలంటే చిలేటెడ్ ఇనుము (కరగని రూపంలోకి మారకుండా చిలేట్ అనే పదార్థం పట్టుకుని ఉంచే ఇనుము) కొనాలి, కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఏ చిలేట్ అని చూడండి. మామూలుగా అంటగట్టే ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే ఇనుమును పట్టుకోలేక వదిలేస్తుంది. డీటీపీఏ 7 దాటినా కొంతవరకు ఆగుతుంది. ఈడీడీహెచ్ఏ అనే ముదురు ఎరుపు రంగు పొడి 9 దాకా పనిచేస్తుంది, ధర ఎక్కువే కానీ మీ పరిస్థితిలో డబ్బు దాని మీదే పెట్టడం నయం. పసుపెక్కిన ఆకుల్లో కొన్ని తిరిగి పచ్చబడతాయి, కొన్ని పడవు, వాటిని చూసి టెన్షన్ పడకండి. కొత్తగా వచ్చే చిగురే మీ రిపోర్టు కార్డు.

19:19:19 మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు లీటరుకు 1 గ్రాము చాలు. అందులో కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు, కాబట్టి మరో వారం కాల్షియం నైట్రేట్ 1 గ్రాము, ఇంకోసారి ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) 1 గ్రాము ఇవ్వండి. ఇవన్నీ ఒకే డబ్బాలో చిక్కగా కలిపారో, కాల్షియం వెళ్ళి సల్ఫేటును, ఫాస్ఫేటును పట్టుకుని అడుగున తెల్లటి ముద్దలా కూర్చుంటుంది, మొక్కకు ఏదీ దక్కదు.

నిమ్మ ఉప్పుతో ఒక చిక్కుంది, అదీ చెప్పేస్తాను. కోకోపీట్‌లోని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి, తిన్నాక పీహెచ్ కొంత మళ్ళీ పైకి వస్తుంది. పెద్ద తోటల వాళ్ళు అందుకే ఫాస్ఫారిక్ ఆమ్లమో నైట్రిక్ ఆమ్లమో వాడతారు. పిల్లలు తిరిగే మిద్దె మీద అవి పెట్టుకోమని నేను చెప్పను. బదులుగా రెండు మూడు వారాలకోసారి లీటరుకు అరగ్రాము అమ్మోనియం సల్ఫేట్ పోయండి. వేరు అమ్మోనియంను తీసుకున్నప్పుడు బయటికి ఆమ్లం వదులుతుంది, నైట్రేట్‌ను తీసుకున్నప్పుడు దానికి ఎదురుగా జరుగుతుంది. అంటే మనం ఏ నత్రజని ఇస్తామన్నదాన్ని బట్టి మొక్కే తన చుట్టూ పీహెచ్ మార్చుకుంటుంది. అలాగని అమ్మోనియం ఎక్కువైతే కాల్షియం తీసుకోవడం తగ్గి టమాటా కాయ అడుగు కుళ్ళుతుంది, చెయ్యి జాగ్రత్త.

ప్రశ్న: మా ఊళ్ళో పీచు మిల్లు దగ్గర కొబ్బరి పొట్టు ఊరికే ఇస్తున్నారు. తెచ్చి, తడిపి, వర్మీకంపోస్టు కలిపి టమాటా నాటాను. కాయ పెద్దదవుతూనే అడుగున నల్లగా చర్మంలా మారుతోంది. మందు ఏం కొట్టాలి? (ఓ పాఠకుడు, అమలాపురం)

మందు అక్కర్లేదు, అది తెగులు కాదు. కాల్షియం కాయ చివరిదాకా చేరకపోతే అలా అవుతుంది.

పచ్చి పొట్టులో సోడియం, పొటాషియం, క్లోరైడ్ దండిగా ఉంటాయి, కాయలను ఉప్పునీటి పక్కన నానబెట్టిన చోట మరీనూ. తడిపితే సరిపోదు, కడగాలి. గోనెసంచిలో పోసి పైపు పెట్టి, కారే నీళ్ళు టీ డికాషన్ రంగు నుంచి తేటబడేదాకా కడగండి. దిగే నీళ్ళ ఈసీ, మీరు పోసే నీళ్ళ ఈసీ దాదాపు ఒకటయ్యేదాకా అన్నమాట. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియంది తర్వాత సంగతి. కడిగినప్పుడు పోయేది నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పు మాత్రమే, పొట్టు రేణువులకు అంటుకుని ఉన్న పొటాషియం, సోడియం అలాగే ఉంటాయి. మీరు తర్వాత కాల్షియం ఇవ్వగానే పొట్టు దాన్ని తాను పట్టుకుని బదులుగా పొటాషియంను వదులుతుంది. ఇచ్చింది కాల్షియం, మొక్కకు అందింది పొటాషియం. పైగా పొటాషియం ఎక్కువైతే ఆ కాస్త కాల్షియం, మెగ్నీషియం కూడా వేరులోకి పోనివ్వదు.

కాబట్టి నాటకముందే పొట్టు ఆకలి తీర్చేయాలి. ఎండు బరువులో కిలో పొట్టుకు 40 గ్రాముల కాల్షియం నైట్రేట్, మునిగేంత నీళ్ళలో కలిపి ఒక రాత్రి నానబెట్టి, వార్చి, ఒక్కసారి మంచినీళ్ళతో కడిగి వాడుకోండి. ప్రస్తుతం ఉన్న మొక్కలకైతే ఉప్పు పోయేలా ఒకసారి బాగా నీళ్ళు పారించి, వారానికోసారి లీటరుకు గ్రాము కాల్షియం నైట్రేట్ పోయండి. నల్లబడ్డ కాయలు కోసి పారేయండి, అవి బాగుపడవు.

నీళ్ళ విషయంలో కూడా ఒక మాట. కాల్షియం నీళ్ళతో పాటే పైకి వెళ్తుంది, అందుకని ఒకరోజు ఎండగట్టి మరోరోజు ముంచేస్తే కాయకు అందదు. కోకోపీట్ పైన ఎండిపోయి పొడిలా కనిపిస్తుంది, వేలు రెండు కణుపులు దింపితే లోపల తడి తడిగా ఉంటుంది. పై పొర చూసి నీళ్ళు పోసేవాళ్ళే ఎక్కువ. కుండీ ఒక పక్క ఎత్తి బరువు చూడడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో పీహెచ్ పెన్ను కొన్నాను. అదే బోరు నీళ్ళకు పొద్దున 7.1, సాయంత్రం 7.9 చూపిస్తోంది. పాడైపోయిందా? మట్టిలో గుచ్చే మీటరు కొనుక్కోవడం మేలా? (విజయవాడ)

పెన్ను మంచిదే కావచ్చు. బోరులో నుంచి అప్పుడే వచ్చిన నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, అది ఆమ్లగుణం. బకెట్లో నిలవ ఉన్న కొద్దీ గాలిలోకి పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. కాబట్టి బాగా కలిపి కాసేపు ఉంచిన నీళ్ళనే కొలవండి, ఎప్పుడూ ఒకేలా.

అయినా కాలిబ్రేషన్ చేశారా? పెన్నుతో పాటు చిన్న పొడి ప్యాకెట్లు వచ్చి ఉంటాయి, 4, 6.86, 9.18 అని. వాటి మీద రాసినంత డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ముందు 6.86లో, తర్వాత 4లో సరిచేయాలి. మనం నీళ్ళను తేవాల్సిన పీహెచ్ ఆ రెంటి మధ్యే కాబట్టి 9.18తో తొందర లేదు. కొన కడిగి టిష్యూతో అద్దండి, రుద్దకండి. చాలామంది పెన్నును డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి దాస్తారు, దానివల్లే గాజు బల్బు పాడవుతుంది. మూతలో రెండు చుక్కల స్టోరేజ్ ద్రావణం, అంటే పొటాషియం క్లోరైడ్ ఉన్నది, వేసి పెట్టండి.

గుచ్చే మీటరా? తేమ, వెలుతురు, పీహెచ్ మూడూ చెప్తానంటుంది, నాకు దాని మీద నమ్మకం లేదు. అంతకంటే అక్వేరియం షాపులో దొరికే చుక్కల కిట్ నయం, చవక కూడా.

ప్రశ్న: నీళ్ళలో వెనిగర్, పుల్ల మజ్జిగ, నిమ్మరసం వేస్తే పీహెచ్ తగ్గుతుందంటున్నారు. ఆర్వో వేస్ట్ నీళ్ళు మొక్కలకు పోయొచ్చా? (నిజామాబాద్)

వెనిగర్, నిమ్మరసం బకెట్లో పీహెచ్ తగ్గిస్తాయి, నిజమే, కానీ నిమ్మ ఉప్పుకు చెప్పిన తంటా వీటికీ ఉంది, పైగా ఖర్చెక్కువ. మజ్జిగ కోకోపీట్ మీద పోస్తే వాసన, చిన్న ఈగలు తప్ప పీహెచ్‌కు ఒరిగేది తక్కువ.

ఆర్వో వేస్ట్ నీళ్ళు కోకోపీట్‌కు వద్దే వద్దు. మంచినీళ్ళలో నుంచి తీసేసిన ఉప్పూ బైకార్బొనేటూ అన్నీ అందులోనే చిక్కగా ఉంటాయి. బాత్రూములు కడగండి. దానికంటే మిద్దె మీద పడే వాన నీళ్ళు డ్రమ్ములో పట్టుకోండి, వాటిలో బైకార్బొనేట్ దాదాపు ఉండదు, బోరు నీళ్ళలో సగానికి సగం కలిపితే ఆల్కలినిటీ సగమైపోతుంది. నాలుగు వానలు పడగానే కుండీలు ఒక్కసారిగా పచ్చబడతాయి చూడండి, అందులో పెద్ద వాటా దీనిదే. జోరువానలు నైట్రేట్‌ను కూడా కడిగేస్తాయి కాబట్టి వర్షాలు తగ్గాక ఎరువు మర్చిపోకండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. కుండీలో కరివేపాకు ఉంది, స్టోరులో కొన్న పీట్ మాస్ మిక్స్‌లో. చలికాలం ఇంట్లో పెడతాం. చిగురు వస్తుంది కానీ పసుపు రంగులో. ఇండియా నుంచి అమ్మ పుల్ల మజ్జిగ పోయమంటోంది. (ఓ పాఠకురాలు, టెక్సస్)

అమ్మగారి మాట కాదనను గానీ, ముందు మీ కుళాయి సంగతి చూద్దాం. పీట్ మాస్ సహజంగా బాగా ఆమ్లం, పీహెచ్ 4 చుట్టూ ఉంటుంది, కంపెనీవాళ్ళే డోలమైట్ సున్నం కలిపి 6 దగ్గరకు తెచ్చి అమ్ముతారు. దాని మీద మీ ప్రాంతపు గట్టి నీళ్ళు ఏడాది పొడవునా పోస్తే మియాపూర్ కథే మళ్ళీ. అక్కడ ఇంకో ఇబ్బంది కూడా ఉండొచ్చు. ఇంట్లో వాటర్ సాఫ్టెనర్ ఉందా? అది కాల్షియం, మెగ్నీషియంలను తీసేసి సోడియం పెడుతుంది, బైకార్బొనేట్‌ను ముట్టుకోదు. మొక్కకు రెండు విధాలా నష్టం. చాలా ఇళ్ళలో బయట గార్డెన్ కుళాయికి సాఫ్టెనర్ కలపరు, కనుక్కుని ఆ నీళ్ళు పట్టుకోండి, లేదా వాన నీళ్ళు.

చలికాలంలో వేరు చల్లబడితే కుండీలో అన్నీ సరిగ్గా ఉన్నా ఇనుము తీసుకోలేదు. కుండీని చల్లటి టైల్ మీద నుంచి ఎత్తి చెక్క మీద పెట్టండి, నీళ్ళు గోరువెచ్చగా, తక్కువగా పోయండి, వసంతం దాకా ఎరువు ఆపేయండి. మార్చి తర్వాత కొత్త మిక్స్‌లోకి మార్చి ఈడీడీహెచ్ఏ ఇనుము ఒక్కసారి ఇస్తే చాలు. అన్నట్టు, వేరే రాష్ట్రంలో ఉన్న చుట్టాలకు మొక్క ఇచ్చే ఆలోచన ఉంటే ఆగండి. నిమ్మజాతి తోటలకు గ్రీనింగ్ జబ్బు మోసే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకని క్వారంటైన్ ఉన్న ప్రాంతాల నుంచి మొక్క తరలించడానికి అక్కడ ఆంక్షలున్నాయి.

ప్రశ్న: కోకోపీట్‌లో కోడిగుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద వేయొచ్చా? (ఖమ్మం)

బోరు నీళ్ళు పోసేవాళ్ళు బూడిద వేయొద్దు, పీహెచ్ ఇంకా ఎగబాకుతుంది. పెంకుల పొడి కరగాలంటే ఆమ్లం కావాలి, మీ కుండీలో పీహెచ్ 7 ఉంటే ఏడాది తర్వాత తవ్వి చూసినా అలాగే కనిపిస్తుంది. హాని లేదు, లాభమూ లేదు.